చెవికి వేసిన తాళం

ఎక్స్‌రే గదిలో కంప్యూటరు తెర ఉన్నట్టుండి నీలంగా మారింది. నట్టనడుమ తెల్లచుక్కలు గిరగిరా తిరగసాగాయి. బల్లమీద మణికట్టు చాపి కూర్చున్న తాపీమేస్త్రి ఆ చుక్కలు తన ఎముకలోవే అనుకుని హడలిపోయాడు.

"విరిగిందా సార్?"

"నీది ఇంకా తెలీదు. దీనికి మాత్రం బుర్ర చితికింది," అన్నాడు ఎక్స్‌రే తీసే అతను.

తెరమీద అక్షరాలు వచ్చాయి. మీకోసం కొత్త హంగులు అమరుస్తున్నాం, కంప్యూటరు ఆపకండి, కాస్త ఓపిక పట్టండి అని. అతను సీసపు కోటు విప్పకుండానే కుర్చీలో వెనక్కి వాలి ఆ మాటలు చదివాడు. హంగులు కావాలని ఎవడేడ్చాడు? ఈ మేస్త్రి అడిగాడా? బయట బెంచీ మీద కాలు వాచిపోయి కూర్చున్న పెద్దావిడ అడిగిందా? పిలవని చుట్టం వచ్చి, మనల్ని లేపి మన మంచం ఎక్కి, మళ్ళీ మనకే ఓపిక నేర్పినట్టుంది.

నర్సు తలుపు సందులోంచి తల పెట్టింది. "ఏం పెంగ్విన్ అన్నా, మళ్ళీ పడుకుందా?"

ఆస్పత్రిలో అతన్ని అందరూ అలాగే పిలుస్తారు. అతని సొంత ల్యాప్‌టాప్ మూత మీద పెంగ్విన్ బొమ్మ ఉంటుంది. ఎవరో చెత్తలో పారేయబోతుంటే తెచ్చుకుని, లోపలున్నదంతా తుడిచేసి, ఏ కంపెనీకీ చెందని, ఆ పెంగ్విన్ గుర్తున్న లినక్సు ఎక్కించి బతికించిన పెట్టె. ఒక మూల పగిలింది, బిగువు చాలక మూతకి రబ్బరు బ్యాండు వేస్తాడు. అయినా అది ఏనాడూ ముస్తాబు కోసం రోగిని కూర్చోబెట్టలేదని అతని గర్వం.

"పడుకోలేదమ్మా, సింగారించుకుంటోంది," అని సొరుగులోంచి తన పెట్టె తీశాడు. ప్లేటు చదివే యంత్రం వైరు పీకి దీనికి తగిలించాడు. నల్లటి తెరమీద ఒక వరస టైపు చేశాడు. మేస్త్రి చేతిని వేళ్ళ కొసలతో పట్టుకుని కొంచెం పక్కకి ఒరిగించాడు. "కదలకు. ఊపిరి పీల్చుకోవచ్చులే, ఫోటో తీసేది చేతికి." గోడవెనక్కి వెళ్ళి బొత్తాం నొక్కి వచ్చి, ప్లేటు తీసి యంత్రంలో పెట్టాడు. మేస్త్రి ఎముక తెల్లగా తెరమీద పడింది. అందులో వెంట్రుకంత గీత.

డాక్టరు వచ్చి చూశాడు. జేబులోంచి ఫోను తీసి, తెరని ఫోటో తీసి, పక్కగదిలో ఉన్న ఎముకల డాక్టరుకి పంపించాడు. గోడ అవతల ఆయన ఫోను టింగుమనడం ఇక్కడికి వినపడింది.

"ఇది ఒరిజినల్ సాఫ్ట్‌వేరేనా?" అని అడిగాడు డాక్టరు అనుమానంగా.

"కాదండి. పనిచేసే సాఫ్ట్‌వేరు."

నర్సు చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు వినపడనట్టు వెళ్ళిపోయాడు. ఇంత చదువుకుని పక్కగదికి నడవలేనివాడు ఇంకొకళ్ళకి నడవమని మందులచీటీ రాస్తాడు అనుకున్నాడు అతను. అలా అనుకోవడంలో అతనికి విసుగుండదు. పొద్దున్న లేచింది మొదలు కనీసం అరడజను మందిని మనసులో అలా కడిగి ఆరేస్తేగాని అతనికి రోజు గడిచినట్టుండదు.

అప్పుడే ఇంటినుంచి భార్య ఫోను చేసింది.

"మామయ్యకి వినపడ్డం లేదండీ. డిపోనుంచి పంపించేశారు."

*

తండ్రి ముందుగదిలో బల్లమీద కూర్చుని ఉన్నాడు. టోపీ తియ్యలేదు, మెడలో విజిలు తియ్యలేదు. చెవి మిషన్లు రెండూ అరచేతిలో పెట్టుకుని, పురుగులేమైనా పట్టాయా అన్నట్టు చూస్తున్నాడు. కలపడిపోలో దుంగల లారీలు వెనక్కి వచ్చేటప్పుడు దారి చూపించడం ఆయన పని. రంపపు మిల్లుల్లో చెవులు పోగొట్టుకున్న మనిషి. ఈ మిషన్లు పెట్టుకున్నాకే ఆ పని దొరికింది.

"సూపర్వైజరు గారే ఫోను చేశారు," అంది భార్య. కుట్టుమిషను మీంచి లేచి రాలేదు. ఎవరి ఇంటికో పెద్ద కర్టెను అంచు కుడుతూ, నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడుతోంది. "వెనకనుంచి లారీ వస్తోందిట. డ్రైవరు హారను కొట్టాడట, అరిచాడట. మామయ్య కదల్లేదట. ఎవరో చెయ్యి పట్టి లాగారట. వినపడితే సోమవారం రమ్మన్నారు. లేకపోతే ఇంకొకళ్ళని చూసుకుంటామన్నారు."

అతను తండ్రి ఫోను తీసి చూశాడు. చెవి మిషన్లని నడిపించే యాప్ తనంతట తాను కొత్తదైపోయింది. తెరవగానే ఎర్రటి అక్షరాలు. ఈ ఫోనులో మార్పులు జరిగాయి, ఇది నమ్మదగినది కాదు, మీ భద్రత కోసం యాప్ పనిచేయదు. సంబంధం తెగిపోవడంతో మిషన్లు రెండూ శబ్దంలో అన్నిటికంటే కింది మెట్టుకి దిగి కూర్చున్నాయి.

"నమ్మదగింది కాదట! నేను స్వయంగా బాగుచేసిన ఫోను!" అని గంతేశాడు. ఆ ఫోనులో కంపెనీవాడి సరుకంతా పీకేసి తనకి నచ్చింది ఎక్కించినవాడు అతనే. "దొంగ వచ్చి, ఇంటాయన్నే నువ్వెవరివి అని అడిగినట్టు."

"ఇంటాయన మామయ్య కదండీ. ఫోను ఆయనది."

అతను ఆ మాట పట్టించుకోలేదు.

"నా ఫోన్లో వేసుకుందాం ఆ యాప్," అంది భార్య గుండుసూదులు తీసి.

"వేస్తావు. చదివావా ఏమడుగుతాడో? నువ్వెక్కడ తిరుగుతున్నావో వాడికి తెలియాలి. నీ ఫోటోలు చూడాలి. నీకు తెలిసినవాళ్ళ నంబర్లు కావాలి. మా నాన్నకి వినపడ్డానికీ నీ ఫోటోలకీ ఏమిటి చుట్టరికం?"

"చూసుకోనివ్వండి. కర్టెన్ల ఫోటోలే ఉన్నాయి. నచ్చితే ఒకటి కుట్టించుకుంటాడు."

"నవ్వకు. అందరూ నీలాగే నవ్వుతూ ఒప్పుకోబట్టే వాళ్ళు మన నెత్తినెక్కి కూర్చున్నారు. ఈ ఇంట్లో ఇంకో ఫోన్లోకి ఆ యాప్ రాదు."

"పోనీ మిషన్లు కొన్న షాపుకే తీసుకెళ్తే?"

"ఆ షాపు పిల్లకేం తెలుసు? పళ్ళన్నీ కనపడేలా నవ్వడం తెలుసు. నేను తీస్తాను దీని తాళం. సోమవారం లోపల తీస్తాను. వాడి యాప్ లేకుండా, వాడి దయ లేకుండా."

భార్య కుట్టుమిషను తొక్కింది. ఆ ఇంట్లో ఆవిడ చెప్పవలసిన చాలా మాటలు ఆ చప్పుడులోనే పోతుంటాయి. టీవీ పెట్టాలంటే దాని వెనకున్న పెట్టెలో మూడు వరసలు టైపు చెయ్యాలి. ప్రింటరు అతను ఇంట్లో ఉంటేనే కాగితం కక్కుతుంది. కర్టెన్ల కొలతలు దాచుకున్న ఫైలు తెరవాలంటే ఆస్పత్రికి ఫోను చేసి అడగాలి. చేస్తే, పక్కన పేషెంటు ఉన్నా, అతను సంతోషంగానే చెబుతాడు.

తండ్రి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఏమంటున్నాడమ్మా?" అన్నాడు, కావలసినదానికంటే గట్టిగా.

ఆవిడ సోమవారం అని పెదవులతో చెప్పి, కొడుకువైపు వేలు చూపించింది. తండ్రి తలాడించాడు. విజిలు తీసి మేకుకి తగిలించాడు. టోపీ మాత్రం ఒళ్ళోనే పెట్టుకున్నాడు.

*

బుధవారం సాయంత్రం అతను తన పెట్టె తీసుకుని తండ్రి గదిలో చేరాడు. చెవి మిషన్లు తండ్రి చెవుల్లోనే ఉండాలి, పెట్టె దగ్గరగా ఉండాలి, అవి గాలిలో వదిలే సంకేతాలు ఒక్కొక్కటే పట్టుకుని దేనికేమిటి అర్థమో ఊహించాలి. తండ్రి కిటికీ పక్కన కూర్చుని కోడలి కర్టెను రాడ్లకి చివర బిగించే చెక్కగుబ్బలు గరుకుకాగితంతో రుద్దుతుంటాడు. రుద్ది, బొటనవేలితో చెక్కచారల వెంట తడిమి, మళ్ళీ రుద్దుతాడు. అతను పక్కన స్టూలు వేసుకున్నాడు. తండ్రి పక్కన అంతసేపు కూర్చోవడం అతనికి ఏనాడూ అలవాటు లేదు.

మొదట ఊరికే గొణుక్కున్నాడు. వినపడని మనిషి ముందు నోరు విప్పితే హాయిగా ఉంటుందని మెల్లగా తెలిసింది. అడ్డు చెప్పడు, ఆవలించడు, మధ్యలో లేచిపోడు. గురువారం నాటికి గొణుగుడు మాటలైంది.

"చూశావా నాన్నా, ప్రింటరు. దాని కడుపులో సిరా ఉంది. అయినా పసుపు రంగు అయిపోయింది కాబట్టి నలుపు అచ్చు వెయ్యనంటుంది. నలుపుకీ పసుపుకీ ఏం సంబంధం? కూర అయిపోయిందని మంచినీళ్ళు కూడా పొయ్యనన్నట్టు."

తండ్రి గుబ్బని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"బ్యాంకువాడు పాస్‌వర్డులో పెద్దక్షరం ఉండాలంటాడు, అంకె ఉండాలంటాడు, గుర్తు ఉండాలంటాడు. అన్నీ పెట్టాక, పాతదానిలాగే ఉంది మార్చమంటాడు. అంటే పాతది వీడు దాచుకున్నాడన్నమాట! ఇంకొకడు బొమ్మలు పెట్టి, ఇందులో బస్సులెన్నున్నాయో చూపించి నువ్వు మనిషివని రుజువు చేసుకో అంటాడు. అడిగేది యంత్రం. రుజువు చేసుకోవాల్సింది నేను."

తండ్రి పెదవి చివర కొంచెం వంగింది. ముసలాయన ఏదో తన లోకంలో తాను నవ్వుకుంటున్నాడని అతను పట్టించుకోలేదు. తెరమీద అంకెల వరసలు చూసుకుంటూ చెప్పుకుపోయాడు. ఛార్జింగు వైరు మూతి మార్చేవాళ్ళ గురించి, గొళ్ళెం తియ్యడానికి కూడా ఇంటర్నెట్టు కావాలనే తాళాల గురించి, టీవీ కొన్నవాడికే ప్రకటనలు చూపించే టీవీల గురించి. ఆస్పత్రి డాక్టరు గురించి చెప్పాడు. షాపు పిల్ల నవ్వు గురించి చెప్పాడు. పక్కగదిలో కుట్టుమిషను ఆగి ఉన్నప్పుడే, భార్యకి ఆవిడ ఫోను మీద ఉన్న నమ్మకం తన మీద లేదని కూడా చెప్పాడు.

శుక్రవారం అతని ఊహలన్నీ తప్పిపోయాయి. మిషన్లు మాట్లాడే భాష చిక్కినట్టే చిక్కి జారిపోయింది. కంపెనీ మీద పుట్టిన కోపం, కంపెనీ చేతికందదు కాబట్టి, ఎదురుగా ఉన్న మనిషి మీదికి మళ్ళింది.

"అసలు నిన్ననాలి. మనిషన్నాక చేతికిచ్చిన వస్తువుని ఒక్కసారైనా తిరగేసి చూడాలి. నువ్వు చూడవు. ఏది పెడితే అది, ఎంత విదిలిస్తే అంత. మిల్లువాడు రంపం పక్కన నిలబెట్టాడు, నిలబడ్డావు. చెవుల్లో కుక్కుకోడానికి గుడ్డముక్క ఇవ్వమని కూడా ఒక్కనాడు అడగలేదు. రెండు చెవులూ వాడికిచ్చి, దణ్ణం పెట్టి బయటికొచ్చావు. చదవకుండానే 'ఒప్పుకుంటున్నాను' అని నొక్కే జాతి ఉందే, దానికి మొదటివాడివి నువ్వే."

గరుకుకాగితం ఆగింది. తండ్రి గుబ్బ మీద బొటనవేలు పెట్టి, అక్కడే ఉంచాడు. ఏదో పుల్ల గుచ్చుకుందేమో అనుకున్నాడు అతను. కాసేపటికి కాగితం మళ్ళీ కదిలింది.

శనివారం ఎవరో మెట్లెక్కి వచ్చి తలుపు తట్టకముందే తండ్రి తల అటు తిరిగింది. అతను తెరలోంచి తల ఎత్తలేదు.

*

ఆదివారం మధ్యాహ్నం, భోజనాలయ్యాక, తాళం వచ్చింది.

సంకేతంలో ఆఖరి రెండు అక్షరాలు అతను తిరగేసి చదువుతున్నాడు. మూడురోజులుగా ఆ పిచ్చి తప్పే చేస్తూ కంపెనీవాణ్ణి తిడుతున్నాడు. సరిగ్గా రాసి పంపగానే చెవి మిషన్లు రెండూ బుద్ధిగా బదులు చెప్పాయి. యాప్ లేదు, కంపెనీ లేదు, ఎర్ర అక్షరాలు లేవు. అతనికి స్టూలు మీదనుంచి ఎగిరి దూకాలనిపించింది. ఒడ్డున పడ్డట్టు ఊపిరి వదిలి, ఇప్పుడు శబ్దం ఏ మెట్టు మీద ఉందో చెప్పమని అడిగాడు.

కింది మెట్టు అని రావాలి. పైనుంచి రెండో మెట్టు అని వచ్చింది.

"అబద్ధాలకోరు," అన్నాడు. మళ్ళీ అడిగాడు. అదే వచ్చింది. అంకెని తలకిందులుగా చదువుతున్నానేమో అనుకుని కాగితం మీద వేసుకుని చూశాడు. అదే. లెక్క అబద్ధమో కాదో తేల్చుకోవడానికి అతనికి తెలిసింది ఒకటే పద్ధతి. కింది మెట్టుకి దించమని రాసి పంపించాడు.

కిటికీ పక్కన, వీపు ఇటు పెట్టి గుబ్బ రుద్దుకుంటున్న తండ్రి చెయ్యి చటుక్కున లేచి చెవి మీదికి వెళ్ళింది.

అతను పైమెట్టుకి ఎక్కించమని పంపించాడు. చెయ్యి కాసేపు చెవి దగ్గరే తారట్లాడి, నెమ్మదిగా కిందికి దిగింది. గరుకుకాగితం మళ్ళీ పట్టుకుంది.

నమ్మలేక ఇంకోసారి దించాడు. చెయ్యి లేచింది. ఎక్కించాడు. దిగింది.

ఈసారి తండ్రి వేళ్ళు గుబ్బని ఊరికే పట్టుకుని ఉన్నాయి. వెనక్కి మాత్రం తిరగలేదు.

అతను మీటల మీంచి చేతులు తీసేశాడు. ఒక మనిషి చెవులు ఆ పగిలిన పెట్టెలో ఉన్నాయి. తెరవడం, మూయడం అతని ఇష్టం. ఏ కంపెనీవాడి చేతిలోనూ అంత గట్టి పట్టు ఉండదు. ఆ పట్టు ఇంకెవరి చేతిలోనైనా ఉంటే, దాని మీద గంటసేపు మాట్లాడగలిగేవాడు.

వంటగదిలో భార్య పళ్ళాలు తుడిచి పేరుస్తోంది.

"ఎప్పుడు?" అన్నాడు.

ఏమిటని ఆవిడ అడగలేదు. "గురువారం. మీరు ఆస్పత్రికి వెళ్ళాక."

"యాప్ వేశావా?"

"లేదు. షాపుకి తీసుకెళ్ళాను. ఆ అమ్మాయి ఏదో కేబులు పెట్టి నొక్కింది. వినపడుతోందా తాతగారూ అంది. ఆయన ఆఁ అన్నారు. చెప్పుల షాపులో కూడా ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది." ఇంకో పళ్ళెం తుడిచింది. "మంచి పిల్ల. నవ్వుతుంది కూడా."

"నాకెందుకు చెప్పలేదు?"

"మామయ్య వద్దన్నారు. వాడు పక్కన కూర్చుని ఇన్ని కబుర్లు చెప్పడం పుట్టి బుద్ధెరిగాక ఇదే, ఉండనీ అన్నారు."

"తర్వాత?"

"శుక్రవారం రాత్రి నేను చెప్పేద్దామన్నాను. ఇప్పుడొద్దమ్మా, ఇప్పుడు చెబితే వాడికి సిగ్గేస్తుంది అన్నారు."

"ఏం చెప్పానో నీకు చెప్పారా?"

"చెప్పక్కర్లేదు. గోడ అంత మందమేం కాదుగా. నేనూ విన్నాను." ఆవిడ గుడ్డ పిండి దండెం మీద ఆరేసింది. "నా గురించి చెప్పిందీ విన్నాను."

అతను నీళ్ళ కుళాయి తిప్పి, తాగకుండానే కట్టేశాడు. గురువారం నుంచి తన నోట్లోంచి వచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. ప్రింటరు దగ్గరా బస్సుల బొమ్మల దగ్గరా అవి తేలిగ్గానే దాటిపోయాయి. శుక్రవారం దగ్గర ఆగిపోయాయి.

ఆ సాయంత్రం అతను తండ్రి గదిలోకి వెళ్ళలేదు. టీవీ వెనకున్న పెట్టె ముందు కూర్చుని, ఏదో చేస్తున్నట్టు, ఏమీ చెయ్యలేదు.

*

సోమవారం పొద్దున తండ్రి అందరికంటే ముందు లేచాడు. గడ్డం గీసుకున్నాడు. టోపీ దులిపి పెట్టుకున్నాడు. మేకుకున్న విజిలు తీసి, చొక్కా అంచుతో మూతి తుడిచి, మెడలో వేసుకున్నాడు. గుమ్మంలో వంగి బూటు తాడు కట్టుకుంటుంటే అతను వచ్చి నిలబడ్డాడు.

"వినపడుతోందా నాన్నా?" అని అడిగాడు. అది ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడిగాక తెలిసింది.

"బాగానే." తండ్రి రెండో బూటు అందుకున్నాడు. "నిన్న నువ్వేదో తిప్పావు. ఓసారి లోకమంతా ఆరిపోయినట్టయింది. పనిచేసింది కదా మొత్తానికి?"

"చేసింది."

"మంచిది."

తాడు ముడి పడలేదు. తండ్రి విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. తల ఎత్తకుండానే, తాడుతో చెబుతున్నట్టు అన్నాడు.

"మిల్లువాడికి నేను దణ్ణం పెట్టలేదురా."

తండ్రి తాడు కొసలు రెండూ సమం చేసుకున్నాడు.

"అడిగాను. వంతెన అవతలి మిల్లులో. చెవులకి మూతలు ఇప్పించండి, ఈ రంపం మోతకి ఇంటికెళ్ళాక పిల్లాడి మాట వినపడ్డం లేదు అని. మర్నాడు గేటు దగ్గరే ఆపేశారు. ఆ ఏడాదే మనం ఇల్లు మారాం. నీకు బడి మధ్యలో మారింది. గుర్తుందా?"

అతనికి గుర్తుంది. వానాకాలం. కొత్త బడిలో పాఠాలు సగం అయిపోయి ఉన్నాయి. వెనక బెంచీలో కూర్చుని, ఒక చోట కుదురుగా ఉండలేని తండ్రిని మనసులో తిట్టుకున్నాడు. మనుషుల్ని మనసులో తిట్టుకోవడం అక్కడే మొదలైందేమో కూడా.

"రెండో మిల్లులో అడగలేదు," అన్నాడు తండ్రి.

ముడి పడింది. మోకాలి మీద చెయ్యి వేసుకుని లేచి నిలబడ్డాడు. వెళ్ళిపోలేదు. మిషన్లు రాకముందునుంచీ ఉన్న అలవాటు చొప్పున అరచెయ్యి చెవి వెనక దొప్పలా పెట్టుకుని, కొడుకువైపు కాస్త వంగి, ఎదురుచూశాడు.

అన్ని వస్తువుల మీదా, అందరు మనుషుల మీదా చెప్పడానికి మాటలున్న అతనికి ఆ చెవిలో వెయ్యడానికి ఒక్కటి దొరకలేదు. లోపల కుట్టుమిషను తొక్కుడు ఆగింది.

"సర్లే," అన్నాడు తండ్రి చెయ్యి దించి. "లారీ వచ్చే వేళైంది. సాయంత్రం చెబుదువుగాని."

మెట్లు దిగి వీధిలోకి నడిచాడు. మలుపు దగ్గర వెనకనుంచి ఏదో బండి చిన్నగా హారను కొట్టింది. ముసలాయన తిరిగి చూడకుండానే, నిమ్మళంగా, పక్కకి తప్పుకున్నాడు.